కోలినెస్టరేజ్ రిపోర్టులో ‘సున్నా’: పురుగుమందు వల్లా? పుట్టుకతోనా? తేడా చెప్పేది ఓ యాంటీబాడీ

అనంతపురం: ఇద్దరు పేషెంట్లు ఉన్నారనుకుందాం. మొదటి మనిషి కళ్యాణదుర్గం వైపు టమాటా తోటలో పొద్దుట నుంచి మందు కొట్టిన కూలీ. సాయంత్రానికి ఒళ్లంతా చెమట పట్టింది. నోట్లోంచి చొంగ కారుతోంది, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి, ఊపిరి అందడం లేదు. రెండో మనిషి గుంతకల్లులో ఉండే గృహిణి. అపెండిక్స్ ఆపరేషన్ కోసం చేరింది. ఆపరేషన్ గంటలో అయిపోయింది. అంతా బాగానే జరిగింది. కానీ ఆమె వేలు కూడా కదపడం లేదు, సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. వెంటిలేటర్ తీయడానికి వీల్లేకుండా పోయింది.

ఇద్దరి రక్తమూ ఒకే పరీక్షకు పంపారు. పేరు సీరం కోలినెస్టరేజ్. ఇద్దరి రిపోర్టూ దాదాపు ఒకేలా వచ్చింది. వేలల్లో ఉండాల్సిన అంకె సున్నాకు దగ్గరగా ఉంది.

ఇది మనం ఊహించుకున్న ఉదాహరణే. కానీ రెండు రకాల పేషెంట్లూ నిజంగా ఉంటారు. మొదటి మనిషి ఒంట్లో ఆ ఎంజైమ్ నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ పురుగుమందు దానికి తాళం వేసింది. రెండో మనిషి ఒంట్లో ఆ ఎంజైమ్ పుట్టినప్పటి నుంచీ లేదు. ఆ సంగతి ఆమెకే కాదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. రిపోర్టులో అంకె ఒక్కటే, అర్థాలు రెండు. ఈ తేడాను ల్యాబులో తేల్చే సాధనాల్లో ఒకటి యాంటీబాడీ. అది ఎలా పని చేస్తుంది, తెలుగువారికి ఈ విషయంతో ఉన్న ప్రత్యేకమైన సంబంధం ఏమిటి, ఆపరేషన్‌కు వెళ్లేవారు ఏం గుర్తుపెట్టుకోవాలి అన్నది చూద్దాం.

ఏమిటీ ఎంజైమ్?

దీని పూర్తి పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. పొట్టిగా బీసీహెచ్‌ఈ అంటారు. పాత పుస్తకాల్లో, కొన్ని ల్యాబు రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేజ్ అని కూడా కనిపిస్తుంది. లివర్‌లో తయారై రక్తంలోకి వస్తుంది. 574 అమైనో ఆమ్లాలు ఒక గొలుసులా కూర్చితే ఒక భాగం అవుతుంది. అలాంటివి నాలుగు కలిసి జట్టుగా రక్తంలో తిరుగుతుంటాయి.

దీనికి ఒక దగ్గరి బంధువు ఉంది. పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం అసిటైల్‌కోలిన్. కబురు అందగానే ఆ రసాయనాన్ని తుడిచేయడం ఈ బంధువు పని. అది ఆగిపోతే కబుర్లు వస్తూనే ఉంటాయి, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి, ఊపిరి ఆగుతుంది. అంటే ప్రాణం నిలబెట్టేది అదే.

మరి రక్తంలో తిరిగే బీసీహెచ్‌ఈ ఏం చేస్తుంది? ఒక రకంగా అది వాకిట్లో కాపలా మనిషి. బయటి నుంచి ఒంట్లోకి వచ్చే కొన్ని రసాయనాలను నరాల దాకా పోకుండా ముందే పట్టుకుంటుంది. కొకైన్‌ను విరగ్గొడుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొడుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందులను తనకే అతికించుకుని ఆపేస్తుంది. అందుకే దీన్ని విషాన్ని విరిచే ఎంజైముల్లో లెక్కేస్తారు.

ఇక్కడో చిక్కు ఉంది. సక్సినైల్‌కోలిన్‌ను విరిచాక ఈ ఎంజైమ్ మళ్లీ ఖాళీ అయి ఇంకో అణువును పట్టుకోగలదు. పురుగుమందు విషయంలో అలా కాదు. ఒక్కో విషపు అణువు ఒక్కో ఎంజైమ్‌ పనిచేసే చోటికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఒకటికి ఒకటి చెల్లు. లీటరు ప్లాస్మాలో ఈ ఎంజైమ్ ఉండేదే నాలుగైదు మిల్లీగ్రాములు. కొద్దిపాటి విషాన్ని అది మింగేస్తుంది. విషం ఎక్కువైతే కాపలా అంతా ఖర్చయిపోయి, మిగిలింది నేరుగా నరాల మీద పడుతుంది.

చెనిక్కాయ చేను నుంచి ఆస్పత్రి దాకా

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల అనంతపురం. ఖరీఫ్‌లో చెనిక్కాయ వేసి ఆకాశం వైపు చూడడం ఇక్కడ తరాలుగా నడుస్తున్న పని. బోరు పడిన చోట చీనీ తోటలు, టమాటా, మిరప. వాన ఎగ్గొట్టి పైరు బెట్టకొచ్చినా, ఆలస్యంగా కురిసి పురుగు ఉధృతమైనా, రైతు అప్పు చేసి ఇంకో విడత మందు కొడతాడు. ఎందుకంటే అప్పటికే పెట్టిన పెట్టుబడి చేలోనే ఉంది.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్... దుకాణాల్లో రైతులకు బాగా తెలిసిన ఈ పేర్లన్నీ ఆర్గానోఫాస్ఫరస్ జాతివే. వేరుపురుగు పట్టకుండా చెనిక్కాయ విత్తనానికి క్లోరిపైరిఫాస్ పట్టించే అలవాటు కూడా ఉంది. చాలా చోట్ల ఈ పని వట్టి చేతులతోనే జరుగుతుంది. మందు కొట్టేటప్పుడు మొహానికి తువ్వాలు చుట్టుకోవడమే రక్షణ. చెమట పట్టిన చర్మం గుండా మందు ఒంట్లోకి దిగుతుంది. తువ్వాలు తడిస్తే అది కాపాడకపోగా మందును మూతికి, ముక్కుకు ఆనించి పెడుతుంది.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి వరంగల్ లెక్క ఒకటి ఉంది. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది అని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ప్రతి వంద మందిలో ఇరవై ఇద్దరికి పైగా చనిపోయారు. 2002లో చేరినవారి వివరాలు చూస్తే అత్యధికులు కావాలని తాగినవారే. ఆ బాధలో ఎవరైనా ఉంటే ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు. డబ్బు ఖర్చు కాదు.

విషం ఎక్కిన పేషెంటు వచ్చినప్పుడు డాక్టర్లు రిపోర్టు కోసం ఆగరు. కంటిపాప, చొంగ, చెమట, ఊపిరి చూసి వెంటనే అట్రోపిన్ మొదలుపెడతారు. కొందరికి ప్రాలిడాక్సిమ్ కూడా ఇస్తారు. ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ మీద పెడతారు. కోలినెస్టరేజ్ పరీక్ష అనుమానాన్ని బలపరచడానికి. ఆ పరీక్షలో కొలిచేది సాధారణంగా రక్తంలోని బీసీహెచ్‌ఈనే. కాపలా మనిషి ఎంత దెబ్బ తిన్నాడో చూసి, దొంగ వచ్చి వెళ్లాడని తెలుసుకోవడం లాంటిది.

ఆపరేషన్ టేబుల్ మీద

ఇప్పుడు రెండో పేషెంటు సంగతి. పూర్తి మత్తు ఇచ్చాక గొంతులోకి ట్యూబు వేయాలి. అందుకు కండరాలు సడలాలి. తొందరగా ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు డాక్టర్లు వాడే పాత మందు సక్సినైల్‌కోలిన్. మన దగ్గర థియేటర్లలో ‘స్కోలిన్’ అనే అంటుంటారు. 1951 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. నిమిషంలోపు పని చేస్తుంది, ఐదు నుంచి పది నిమిషాల్లో దిగిపోతుంది. దాని గొప్పతనం అదే.

అంత తొందరగా ఎందుకు దిగిపోతుంది? రక్తంలో ఉన్న బీసీహెచ్‌ఈ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి. సూదితో ఇచ్చిన మందులో చాలా భాగం కండరం దాకా చేరకముందే విరిగిపోతుంది. ఆ ఎంజైమ్ లేని మనిషికి అదే మోతాదు ఇస్తే మందంతా కండరాల మీద పడుతుంది. పది నిమిషాలు కావాల్సింది గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ మనిషి ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ పక్కన ఉంటే ప్రమాదం లేదు. మందు మెల్లగా దానంతట అదే దిగిపోయి మనిషి మామూలు అవుతాడు. అయితే ఆ లోపు మత్తు దిగిపోకుండా చూడాలి. లేదంటే మెలకువ వచ్చి కూడా కన్ను తెరవలేని, గొంతు పెగలని స్థితిలో పడుకుని ఉండాల్సి వస్తుంది. వెంటిలేటర్ సరిగా లేని చిన్న నర్సింగ్ హోంలో అయితే ప్రాణం మీదికే రావచ్చు.

స్కోలిన్ కొందరికి ఎందుకు దిగదన్న ప్రశ్నను 1950లలో కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త పట్టుకున్నారు. 1957లో ఆయన, జెనెస్ట్ కలిసి ఒక పరీక్ష తెచ్చారు. డైబుకేన్ అనే మత్తుమందు మామూలు ఎంజైమ్‌ను దాదాపు 80 శాతం ఆపుతుంది. పుట్టుకతో తేడా ఉన్న ఒక రకం ఎంజైమ్‌ను 20 శాతమే ఆపుతుంది. ఈ అంకెను ‘డైబుకేన్ నంబర్’ అంటారు. మందులు అందరికీ ఒకేలా పని చేయవు, దానికి కారణం జీన్లలో ఉండొచ్చు అని చూపిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

కానీ అసలు ఎంజైమే లేని మనిషిలో డైబుకేన్ ఆపడానికి ఏముంటుంది? అక్కడ ఆ పరీక్ష పని చేయదు.

తెలుగువారితో సంబంధం

ఎంజైమే లేని ఈ రకం ప్రపంచంలో చాలా అరుదు. కానీ మన తెలుగు సమాజాల్లో ఒకదానిలో అంత అరుదు కాదు. కోయంబత్తూరులోని భారతియార్ యూనివర్సిటీకి చెందిన ఇళంగో మనోహరన్, రత్నం బూపతి, అమెరికాలోని నెబ్రాస్కాలో ఈ ఎంజైమ్ మీద దశాబ్దాలుగా పని చేస్తున్న ఒక్సానా లాక్రిడ్జ్ తదితరులు 2006లో ఒక పరిశోధన అచ్చు వేశారు. వైశ్య సమాజంలో ఈ లోపం ఉన్నవారి జీన్‌ను చదివితే ఒకే ఒక్క అక్షరం మారినట్టు తేలింది. ఫలితంగా ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. గొలుసు సరిగా మడత పడదు, నిలకడగా ఉండదు, తయారయ్యేదీ తక్కువే.

ఎందుకిలా ఒక్క సమాజంలోనే ఎక్కువ? దానికి జవాబు హైదరాబాద్‌లోని సీసీఎంబీ నుంచి వచ్చింది. లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ తదితరులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వేశారు. వైశ్యుల పూర్వీకులు వంద తరాలకంటే ముందే ఒక చిన్న గుంపుగా మొదలయ్యారని, అప్పటి నుంచి బయటి పెళ్లిళ్లు చాలా తక్కువని అందులో అంచనా వేశారు. ఆ చిన్న గుంపులో ఎవరో ఒకరి దగ్గర ఉన్న మార్పు తరతరాలుగా లోపల్లోపలే తిరుగుతూ వచ్చింది. 2017లో తంగరాజ్ తదితరులు ‘నేచర్ జెనెటిక్స్’లో వేసిన మరో పరిశోధన ప్రకారం వైశ్యుల్లో ఈ ఎంజైమ్ లోపం ఇతరుల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. అందుకే మత్తు ఇచ్చే ముందు “మీరు వైశ్యులా?” అని కొందరు డాక్టర్లు అడుగుతారు. కొత్తగా విన్నవాళ్లకు ఇది కులం అడిగినట్టు అనిపిస్తుంది. నిజానికి అది స్కోలిన్ వాడాలా, వేరే మందు వాడాలా అన్న ప్రశ్న.

అనంతపురం, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం... ఏ ఊరి బజారు చూసినా వైశ్యుల దుకాణాలు కనిపిస్తాయి. వారిలో అందరికీ ఈ లోపం ఉండదు. చాలామందికి లేదు. ఉన్నవాళ్లకు కూడా మామూలు బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. తింటారు, తిరుగుతారు, పిల్లల్ని కంటారు. స్కోలిన్ లాంటి మందు ఒంట్లోకి వెళ్లిన రోజే తేడా బయటపడుతుంది. కాబట్టి దీన్ని జబ్బు అని కాకుండా, ముందే తెలిసి ఉంటే మంచిదైన సంగతిగా చూడాలి.

గోడౌన్ లెక్క, గల్లాపెట్టె లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సున్నా వచ్చిన రిపోర్టు సరిపోదా? యాంటీబాడీ దేనికి?

మామూలు కోలినెస్టరేజ్ పరీక్షకు ఆధారం 1961లో జార్జ్ ఎల్మన్ తెచ్చిన పద్ధతి. రక్తంలోని ఎంజైమ్‌కు విరగ్గొట్టడానికి ఒక రసాయనం ఇస్తారు. అది విరిగిన కొద్దీ పసుపు రంగు పుడుతుంది. రంగు ఎంత తొందరగా చిక్కబడితే ఎంజైమ్ అంత చురుకు. రంగు రాకపోతే సున్నా. అంటే ఈ పరీక్ష చూసేది ఎంజైమ్ చేస్తున్న పనిని. ఎంజైమ్ అక్కడ ఉందా లేదా అన్నది దానికి తెలియదు.

ఒక దుకాణంలో రోజంతా గల్లాపెట్టెలోకి ఒక్క రూపాయి రాలేదనుకోండి. సరుకే లేక అమ్మకాలు ఆగి ఉండొచ్చు. గోడౌన్ నిండా సరుకున్నా తలుపుకు తాళం పడి ఆగి ఉండొచ్చు. గల్లాపెట్టె చూస్తే రెండూ ఒకటే. తేడా తెలియాలంటే గోడౌన్‌లోకి వెళ్లి బస్తాలు లెక్క పెట్టాలి. ఎల్మన్ పరీక్ష గల్లాపెట్టె చూస్తుంది. యాంటీబాడీ బస్తాలు లెక్క పెడుతుంది.

యాంటీబాడీ అంటే మన ఒంట్లో సూక్ష్మక్రిములను పట్టుకోవడానికి తయారయ్యే ప్రొటీనే. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్నే గుర్తు పడుతుంది. మనిషి రక్తం నుంచి శుద్ధి చేసిన బీసీహెచ్‌ఈని ఎలుకకు సూదితో ఇస్తే ఎలుక ఒళ్లు దాన్ని పరాయిదిగా చూసి యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి చేసే కణాన్ని తీసి, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపితే, ఒకే రకం యాంటీబాడీని ఏళ్ల తరబడి ఇచ్చే కణం తయారవుతుంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ 1975లో చూపిన ఈ పద్ధతికే 1984లో నోబెల్ వచ్చింది. దీన్ని మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు. కుందేలు రక్తం నుంచి తీసే మిశ్రమ రకం కూడా ఉంది.

పరీక్ష చేసే తీరు ఇలా ఉంటుంది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక అడుగున ఒక యాంటీబాడీ అంటిస్తారు. దాని మీద పేషెంటు ప్లాస్మా పోస్తారు. అందులో బీసీహెచ్‌ఈ ఉంటే యాంటీబాడీ పట్టేసుకుంటుంది. మిగిలినదంతా కడిగేస్తారు. తర్వాత అదే ఎంజైమ్‌లో ఇంకో చోటును పట్టుకునే రెండో యాంటీబాడీ వేస్తారు. దానికి రంగు పుట్టించే గుర్తు తగిలించి ఉంటుంది. రంగు వచ్చిందంటే ఎంజైమ్ ఉన్నట్టు, ఎంత వస్తే అంత ఉన్నట్టు. స్వీడన్‌లో 1971లో పుట్టిన ఈ పద్ధతి పేరు ఎలీసా. కోవిడ్ సమయంలో చాలామంది విన్న పేరే.

ఇక్కడ ఎంజైమ్ ఆకారం కూడా కలిసొస్తుంది. అది పని చేసే చోటు పైన ఉండదు, లోతైన లోయ లాంటి గుంట అడుగున ఉంటుంది. పురుగుమందు చిన్న అణువు కాబట్టి లోపలికి దూరి అక్కడ అతుక్కుంటుంది. యాంటీబాడీ పెద్దది. అది బయటి గోడను పట్టుకుంటుంది. కాబట్టి లోపల తాళం పడినా బయటి నుంచి యాంటీబాడీ గుర్తు పట్టగలదు.

రెండు పరీక్షలూ పక్కపక్కన పెడితే కథ స్పష్టమవుతుంది. పని సున్నా, లెక్క మామూలుగా ఉంటే ఎంజైమ్ ఉంది కానీ దాన్ని ఏదో ఆపింది. పురుగుమందు అనుమానం బలపడుతుంది. పని సున్నా, లెక్కా సున్నా అయితే ఎంజైమ్ తయారే కావడం లేదు. పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. పని కొంత తగ్గి, లెక్క కూడా అంతే తగ్గితే లివర్ వైపు చూడాలి. లివర్ జబ్బులో, సరైన తిండి లేనప్పుడు ఈ ఎంజైమ్ తక్కువగా తయారవుతుంది. గర్భిణుల్లో కూడా కొంత తగ్గుతుంది. లెక్క ఉండీ డైబుకేన్ నంబర్ తక్కువగా ఉంటే, కాలో కనిపెట్టిన రకం.

ఇంకో అడుగు కూడా ఉంది. అయస్కాంతపు పూసలకు యాంటీబాడీ అంటించి ప్లాస్మాలో వేస్తే అవి ఎంజైమ్‌ను పట్టుకుని బయటికి లాగుతాయి. దాన్ని ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూకం వేస్తే, అతుక్కుని ఉన్న విషం ఏ రకందో కూడా తెలుస్తుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ శాస్త్రవేత్తలు ఈ పద్ధతి మీద పని చేశారు. అక్కడ భయం యుద్ధాల్లో వాడే నరాల విషం గురించి. కానీ సారిన్ లాంటి ఆ విషమూ మన చేలల్లో కొట్టే మందూ పుట్టింది ఒకే రసాయన కుటుంబంలో.

యాంటీబాడీని నమ్మేదెలా?

యాంటీబాడీ కూడా పొరబడుతుంది. బీసీహెచ్‌ఈకీ దాని బంధువు అసిటైల్‌కోలినెస్టరేజ్‌కీ గొలుసులో సగానికి పైగా పోలిక ఉంది. సరిగా ఎంచుకోని యాంటీబాడీ ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవచ్చు. రక్తంలో ఎక్కువగా ఉండే ఇతర ప్రొటీన్లకు అంటుకుని లేని ఎంజైమ్‌ను ఉన్నట్టు చూపించవచ్చు. కొన్ని యాంటీబాడీలు వేడి చేసి విప్పేసిన గొలుసునే గుర్తు పడతాయి, రక్తంలో మడతపడి ఉన్న దాన్ని పట్టుకోలేవు. అందుకే ల్యాబుల వాళ్లు కొనే సీసాల మీద చాలావాటికి ‘రీసెర్చ్ వాడకానికి మాత్రమే’ అని రాసి ఉంటుంది. పేషెంటు రిపోర్టు దాని మీద ఇవ్వకూడదు.

మంచి యాంటీబాడీకి అసలు పరీక్ష ఏమిటంటే, ఎంజైమ్ లేని చోట అది రంగు చూపించకూడదు. అలాంటి రక్తం ఎక్కడ దొరుకుతుంది? ఎలుకల్లో అయితే ల్యాబులో జీన్ తీసేసి తయారు చేస్తారు. మనుషుల్లో అలా చేయరు. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేకుండా ఆరోగ్యంగా బతుకుతున్న మనుషుల రక్తమే అందుకు కొలబద్ద. ఆ మనుషులు ఒప్పుకుని ఇచ్చిన కొన్ని చుక్కలు, ఆ ఎంజైమ్ ఏం చేస్తుంది, అది లేకపోతే ఏమవుతుంది అన్నది తెలుసుకోవడానికి ప్రపంచంలో ఎక్కడి ల్యాబుకైనా పనికొస్తాయి.

అనంతపురంలో ఏం చేయొచ్చు?

ఈ యాంటీబాడీ పరీక్ష జిల్లా ఆస్పత్రుల్లో మామూలుగా చేసేది కాదు. అలాగని చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. అది అడిగే ప్రశ్నను ఇంకో దారిలో అడగొచ్చు.

మొదటి దారి సమయం. పురుగుమందు తాళం వేసిన ఎంజైమ్ స్థానంలో లివర్ కొత్తది తయారు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో అంకె మళ్లీ పైకి వస్తుంది. పుట్టుకతో లేనివారికి ఎన్నాళ్లు ఆగినా రాదు. కాబట్టి ఒకసారి బాగా తక్కువ వచ్చిందంటే, మనిషి కోలుకున్నాక రెండు నెలలకు అదే పరీక్ష ఇంకోసారి చేయించాలి. ఇది మామూలు ల్యాబులో అయ్యే పనే. కానీ డిశ్చార్జి అయ్యాక చాలామంది మళ్లీ వెళ్లరు, ఆ రిపోర్టు కాగితం కూడా దాచుకోరు.

రెండో దారి కుటుంబం. ఈ లోపం పూర్తిగా బయటపడాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు మారిన జీన్లు రావాలి. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. కాబట్టి ఒకరికి ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. వారిలో ఎవరికో రేపు ఆపరేషన్ పడొచ్చు.

ఇది ఒక్క వైశ్యుల సంగతే అనుకుంటే పొరపాటు. కాలో కనిపెట్టిన రకం ఐరోపా మూలాల వారిలో సుమారు మూడు వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. రాయలసీమలో మేనరికాలు అన్ని సమాజాల్లోనూ ఉన్నాయి. అక్క కూతురిని, మేనమామ కొడుకుని చేసుకునే ఇళ్లు ఉన్నాయి. ముస్లిం కుటుంబాల్లో ఖాలా పిల్లలు, ఫుఫ్పూ పిల్లల మధ్య సంబంధాలు మామూలే. ఒకే తాత నుంచి వచ్చిన మారిన జీన్ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం దగ్గరి పెళ్లిళ్లలో ఎక్కువ. ఏ ఇంట్లో ఏ జీన్ తిరుగుతోందో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఒక సమాజం పేరు మీద పరిశోధన జరిగిందంటే అక్కడ వెతికారని, దొరికిందని అర్థం. మిగతావాళ్లలో ఏమీ లేదని కాదు.

మూడోది, రెండు కథలూ కలిసే చోటు. నిన్న మొన్నటి దాకా మందు కొట్టిన రైతుకో, కూలీకో ఉన్నట్టుండి ఆపరేషన్ పడితే? పుట్టుకతో ఎంజైమ్ బాగానే ఉన్నా, మందు వల్ల అది తగ్గి ఉండొచ్చు. అప్పుడు స్కోలిన్ అతనికీ ఆలస్యంగానే దిగుతుంది. పురుగుమందు విషంతో వచ్చిన పేషెంటుకు ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు కూడా డాక్టర్లు వీలైనంత వరకు స్కోలిన్ పక్కన పెట్టి రోక్యురోనియం లాంటి మందు వాడేది ఇందుకే. పుట్టుకతో ఎంజైమ్ లేనివారికి పొలంలో మందు కొట్టే పని ఇతరుల కంటే ప్రమాదకరం కావచ్చని శాస్త్రవేత్తల అంచనా. విషాన్ని ముందుగా ఆపే కాపలా వారి రక్తంలో లేదు కదా.

మత్తు డాక్టర్‌తో చెప్పాల్సినవి

ఆపరేషన్‌కు ముందు రోజు మత్తు డాక్టర్ వచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు చాలామంది షుగర్, బీపీ, అలర్జీ చెప్పి ఊరుకుంటారు. వాటితో పాటు ఇవి కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత గంటల తరబడి మేలుకోలేదా, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వచ్చిందా? గత కొన్ని వారాల్లో పొలంలో పురుగుమందు కొట్టారా, విత్తనానికి పట్టించారా? లివర్ జబ్బు ఉందా? తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా? డాక్టర్ ఏ సమాజమని అడిగితే చిన్నబుచ్చుకోకుండా చెప్పాలి.

లోపం ఉందని ఒకసారి తేలితే ఆ మాట రాసిన కాగితం ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోవాలి. ‘సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం ఇవ్వకూడదు’ అని డాక్టర్ చేత రాయించుకుంటే చాలు. రోడ్డు ప్రమాదంలో స్పృహ లేకుండా ఆస్పత్రికి చేరినా ఆ కాగితం మాట్లాడుతుంది. స్కోలిన్ బదులు వాడేందుకు వేరే మందులు ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ ఆగాల్సిన పనీ లేదు.

గుంతకల్లు గృహిణి మధ్యాహ్నానికి వేలు కదిపిందని, సాయంత్రానికి సొంతంగా ఊపిరి తీసుకుందని అనుకుందాం. ఇంట్లోవాళ్లు దేవుడి దయ అని మొక్కుకుని ఇంటికి తీసుకెళ్తారు. రెండు నెలలకు మళ్లీ ఆ రక్తపరీక్ష చేయించి, ఆమె చెల్లెలికి, తమ్ముడికి కూడా చేయిస్తేనే ఆ రోజు పడ్డ కష్టానికి ఫలితం ఉంటుంది. లేదంటే అదే భయం అదే ఇంట్లో ఇంకొకరికి మొదటి నుంచి మొదలవుతుంది.